సుగ్గికొచ్చిన పిట్టలు

మొదటి రోజు: కర్నూలు, గార్గేయపురం

ఆదోనిలో తొలి బస్సెక్కి కర్నూలులో దిగేసరికి ఎనిమిది దాటింది. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైంది. బస్టాండు ఎదుట ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని టీ తాగుతుంటే జీపు వచ్చి ఆగింది. అందులో పక్షుల మీద పరిశోధన చేసే మేడం, ఆమె దగ్గర చదువుకునే కుర్రాడు, బిహార్ నుంచి వచ్చిన చాచా, డ్రైవరు ఉన్నారు. ఐదో మనిషిని నేను. హైస్కూల్లో సైన్సు చెప్తాను. చెరువుల వెంట పక్షులు చూస్తూ తిరగడం పదిహేనేళ్ల అలవాటు. "జాలర్లతో మాట్లాడిపెట్టే మనిషి కావాలి, ఐదు రోజులు సెలవు పెట్టగలరా?" అని మేడం అడిగితే రెండో మాట లేకుండా సరేనన్నాను.

మేం వెళ్తున్నది సీగల్స్‌ను పట్టుకుని, కాళ్లకు రంగు రింగులు తొడిగి వదిలేయడానికి. సముద్రం పిట్టకు రాయలసీమలో ఏం పని అని మా స్టాఫ్‌రూములో అందరూ అడిగారు. నిజమే, ఎక్కువ భాగం తీరంలోనే ఉంటాయి. అయితే చలికాలంలో కొన్ని పెద్ద నదులూ రిజర్వాయర్లూ పట్టుకుని లోపలికి వచ్చేస్తాయి. శ్రీశైలం బ్యాక్‌వాటర్ అలాంటి చోటు. మేం వెతుకుతున్నది గోధుమ తల సీగల్‌ను. గుడ్లు పెట్టే కాలంలో దాని తలంతా ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ రంగు రాలిపోయి, కంటి వెనక ఒక మచ్చ మిగులుతుంది. దాని పుట్టిల్లు లడఖ్, టిబెట్, మధ్య ఆసియాలోని ఎత్తైన సరస్సులు.

నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువు దగ్గర ఆగాం. నామాల కోళ్లు, నీటికాకులు, కొంగలు కనిపించాయి. సీగల్ ఒక్కటీ లేదు. మేడం చెరువు చూడ్డానికి ఆపలేదు, నాకు పాఠం చెప్పడానికి ఆపారు. కుర్రాడు ఒక నీలం ప్లాస్టిక్ రింగును పుల్లకు తొడిగి, వంద అడుగులు వేసి నేలలో గుచ్చి వచ్చాడు. దాని మీద ఏం రాసుందో టెలిస్కోపులో చదవమన్నారు. మొదట తేలిగ్గానే చదివాను. ఎండ ఎక్కాక నేల మీంచి వేడిగాలి లేచి అక్షరాలు నీళ్లలో కదిలినట్టు కదిలాయి. తెల్ల అక్షరాలు అక్కడే ఉన్నా ఏ అక్షరమో తేల్చుకోలేకపోయాను. అనుమానం ఉంటే రాయొద్దు, తప్పు రాస్తే ఇంకో పిట్ట జీవితం దీనికి అంటుకుంటుంది అన్నారు మేడం. ఆ మాట చాలాసేపు చెవిలో ఉండిపోయింది.

పిట్టకు తొడిగే రింగులు రెండు. ఒక కాలికి లోహపు రింగు, దాని మీద నంబరు, ఎవరికి తెలపాలో ఆ చిరునామా. మనకైతే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీది. అది చదవాలంటే పిట్ట మళ్లీ చేతికి చిక్కాలి, లేదా చచ్చి దొరకాలి. రెండో కాలికి రంగు ప్లాస్టిక్ రింగు. పెద్ద అక్షరాలు, చుట్టూ ఎటు నుంచి చూసినా కనబడేలా ఒకే కోడ్ మళ్లీ మళ్లీ రాసి ఉంటుంది. పిట్టను ముట్టుకోకుండానే దూరం నుంచి చదువుకోవచ్చు. ఒకే పిట్టను పదిమంది పదిచోట్ల చదవొచ్చు. ఏ దేశంలో ఏ బృందం ఏ రంగు, ఏ అక్షరాలు వాడాలో ముందే మాట్లాడుకుంటారు, లేకపోతే అంతా కలగాపులగం అవుతుంది. ఒకటిలా కనబడుతుందని ఐ, సున్నాలా కనబడుతుందని ఓ చాలామంది వాడరు.

ఈ పనిని పద్ధతిగా మొదలుపెట్టింది ఒక స్కూలు టీచరని తెలిసి నాకు ఎంత సంతోషమేసిందో. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే ఆయన గోరింక కుటుంబానికి చెందిన 165 స్టార్లింగులకు నంబరు వేసిన అల్యూమినియం రింగులు తొడిగాడు. మన దేశంలో పెద్ద ఎత్తున జరిగింది 1959 తర్వాత, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నడిపిన వలస పక్షుల అధ్యయనంలో.

రాత్రి నందికొట్కూరులో బస. జొన్న రొట్టె, శనక్కాయల పొడి.

రెండో రోజు: సంగమేశ్వరం ఒడ్డు

జిల్లాలు విడిపోయాక ఈ వైపంతా నంద్యాల జిల్లా అయింది. మా నోటికి మాత్రం ఇంకా కర్నూలే. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. జనవరికి నీళ్లు కొంత దిగి, ఒడ్డున బురద మేటలు తేలతాయి. సంగమేశ్వరం గుడి ఇంకా నీళ్లలోనే ఉంది. బాగా ఎండ ముదిరి నీళ్లు ఇంకా దిగితేగాని వేప కొయ్య లింగానికి దర్శనం ఉండదు. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోటు ఇది. ఒడ్డున నిలబడితే ఏ నీరు ఏ నదిదో తెలీదు, కంటికి ఆనినంత మేర ఒకటే నీలం.

నీళ్ల పక్కన టార్పాలిన్ గుడిసెలు పదిహేను దాకా ఉన్నాయి. వీళ్లు ఇక్కడివాళ్లు కాదు. కోస్తా నుంచి వచ్చి చేపలు పట్టుకు బతికే కుటుంబాలు. గుడిసెల ముందు వలలు ఆరేశారు, థర్మోకోల్ తెప్పలు బోర్లించారు. మా జీపు చూడగానే పిల్లలు చుట్టుముట్టారు, పెద్దవాళ్లు పలకలేదు. చాచా వలలు దించుతుంటే ఒక పెద్దాయన లేచొచ్చి, "పిట్టల్ని పట్టుకుపోయి తినేస్తారేటి?" అని సూటిగానే అడిగాడు.

నేను కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని ఎవరు పడితే వాళ్లు పట్టకూడదని, మా దగ్గర రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన అనుమతి ఉందని చెప్పి కాగితం చూపించాను. కాగితం ఆయన్ను కదిలించలేదు. జేబులో ఉన్న రింగు తీసి అరచేతిలో పెట్టాను. వేలితో అటూ ఇటూ దొర్లించి చూశాడు. "బరువు లేదే" అన్నాడు. ఆ తర్వాత మాటలు సాగాయి. పిట్టలు ఎప్పుడొస్తాయి, ఎక్కడ వాల్తాయి, ఏ గాలికి ఎటు తిరుగుతాయి అన్నీ చెప్పాడు. పొద్దున వలలు తెచ్చి చేపలు శుభ్రం చేసే వేళకు పేగుల కోసం దిగుతాయట. అది మాకు కావాల్సిన ముక్క.

సాయంత్రం నాలుగున్నరకు వచ్చాయి. నీళ్ల మీద తక్కువ ఎత్తులో, తెల్లగా, ముప్పై నలభై. రెక్కల చివర నలుపు, ఆ నలుపులో తెల్లటి చుక్కలు. గాలిలో ఒరిగి తిరిగినప్పుడల్లా ఆ చుక్కలు తళుక్కుమనేవి. మా డ్రైవరుది కోసిగి వైపు. చేతులు కట్టుకుని చాలాసేపు చూసి, "ఇవి కూడా సుగ్గికొచ్చినట్టుంది సార్" అన్నాడు.

ఆ మాట విని నేను ఇంకేం మాట్లాడలేకపోయాను. మా పడమటి మండలాల్లో వాన లేని ఏడాది ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. మా అమ్మానాన్న కూడా పోయేవాళ్లు. నన్ను అవ్వ దగ్గర వదిలి సంక్రాంతి ముందు లారీ ఎక్కితే ఉగాదికి వచ్చేవాళ్లు. అప్పుడు ఫోన్లు లేవు. యాడ ఉన్నారు, ఏం తింటున్నారు, ఎవరి చేలో పండుకుంటున్నారు, ఏమీ తెలిసేది కాదు. గుంటూరు నుంచి ఎవరైనా తిరిగొస్తే అవ్వ వాళ్లింటికి పోయి, "మా వాళ్లు కనపడినారా?" అని అడిగేది. కనపడినారు అంటే చాలు, ఆ రాత్రి బాగా నిద్రపోయేది. పక్షి కాలికి రింగు వేసి ఎదురుచూడటం ఏంటని నన్ను అడిగితే నేను చెప్పగలిగింది మా అవ్వ గురించే.

మూడో రోజు: ఒక్కటీ పడలేదు

చాచాది మీర్‌షికార్ల కుటుంబం. బిహార్‌లో తరతరాలుగా పక్షులు పట్టడమే వాళ్ల వృత్తి. ఆ విద్యే ఇప్పుడు పరిశోధకులకు అక్కరకొస్తోంది. పిట్ట ఈక ఊడకుండా, కాలు బెణకకుండా పట్టడం పుస్తకం చదివితే రాదు. ఇలాంటి మనుషుల్ని తలుచుకుంటే నాకు కలివికోడి గుర్తొస్తుంది. 1900లో అనంతపురం వైపు కనబడిందే చివరిసారి, ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. దొరకబట్టింది ఆ ఊరి వేటగాడే. రాత్రిపూట టార్చి వెలుగులో పట్టాడు. లంకమల అడవుల్ని అభయారణ్యం చేయడానికి ఆ రాత్రే కారణం.

చాచా పద్ధతి ఇది. గజం పొడవున్న ఇనుప జాలీ పట్టీలు. వాటి నిండా గాలపు దారంతో వేసిన ఉచ్చులు, ఒక్కోటి బెత్తెడు వెడల్పు, నిలువుగా నిలబడి ఉంటాయి. పట్టీని బురదలో పాతి, పైన పలుచగా ఇసుక చల్లి, మధ్యలో చేప పేగులు వేస్తాడు. పిట్ట నడుస్తూ కాలు పెడితే ఉచ్చు బిగుస్తుంది. పట్టీకి బరువు కట్టి ఉంటుంది కాబట్టి ఎత్తుకుపోలేదు. ఉచ్చు వేశాక కన్ను తిప్పకూడదు, పడిన మరుక్షణం పరుగెత్తాలి. అందుకని అరవై గజాల దూరంలో కంపచెట్ల వెనక అందరం బోర్లా పడుకున్నాం.

ఆరున్నరకు మొదటి పిట్టలు దిగాయి. ఒకటి పట్టీ అంచు దాకా వచ్చింది. రెండడుగులు వేసింది. ఇంకో అడుగు పడితే చాలు. నాకు ఊపిరి ఆడలేదు. దానికి కాలు తగులుకుందనుకుని నేను మోకాళ్ల మీద లేచాను. తగులుకోలేదు. మంద మొత్తం ఒక్కసారిగా లేచి నీళ్ల మధ్యకు పోయింది, మళ్లీ మధ్యాహ్నం దాకా రాలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు. చాచా భుజం తట్టి, పిట్ట రెక్కలు కొట్టేదాకా ఆగాలి అని చేతులాడిస్తూ చూపించాడు. ఆ రోజంతా మనసు పట్టలేదు.

మధ్యాహ్నం ఒక తెల్లకొంగ పడింది, విడిపించి వదిలాం. ఆ తర్వాత కుక్కలు వచ్చి పేగులన్నీ తిన్నాయి. సాయంత్రం గాలి పెరిగి ఇసుక లేచిపోయి ఉచ్చులు బయటపడ్డాయి. లెక్క: సున్నా.

రాత్రి పొయ్యి దగ్గర కుర్రాడు అడిగాడు, ఇంత అవస్థ ఎందుకు, శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు పెడితే పోలేదా అని. పెట్టొచ్చు, పెడుతున్నారు కూడా అన్నారు మేడం. కానీ పరికరం బరువు పిట్ట బరువులో నూటికి మూడు పాళ్లు మించకుండా చూసుకోవాలి, ఖర్చు చాలా ఎక్కువ, కాబట్టి పెట్టేది కొద్ది పిట్టలకే. రింగులైతే వందల పిట్టలకు వేయొచ్చు. ట్రాన్స్‌మిటర్ ఒక పిట్ట దారి చెప్తుంది, రింగులు ఒక జాతి బతుకు చెప్తాయి. ఎన్నేళ్లు బతికాయి, ఏటేటా ఇదే ఒడ్డుకు వస్తున్నాయా, దారిలో ఎక్కడ ఆగుతున్నాయి అన్నీ వాటి వల్లే తెలుస్తాయి. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూ వచ్చి వేల పక్షులు చచ్చిపోయాయి. చచ్చినవాటిలో ఈ గోధుమ తల సీగల్స్ కూడా ఉన్నాయి. ఎక్కడి పిట్ట ఎక్కడ చలికాలం గడుపుతుందో తెలిసి ఉండటం ఎంత అవసరమో అప్పుడు అందరికీ అర్థమైంది.

నాలుగో రోజు: నాలుగు పిట్టలు, ఇంకొకటి

ఈసారి చోటు మార్చింది మేం కాదు. గుడిసెల్లో అరవై దాటిన ఒకామె ఉంది. రోజూ చేపలు కోసేది ఆమె. మా అవస్థంతా నిన్న చూస్తూనే ఉందట. తెల్లవారుజామున వచ్చి, "అక్కడ కాదు మాస్టారూ. నాను కూకున్నకాడే పెట్టండి, నన్ను సూసి బెదరవు" అంది. కత్తిపీట వేసుకుని ఆమె తన చోట కూర్చుంది. ఆమెకు పది గజాల దూరంలో చాచా పట్టీలు పాతాడు. ఆమె కోస్తూ కోస్తూ పేగులు విసురుతోంది. పిట్టలు ఆమె ముందు కోళ్లలా తిరుగుతున్నాయి.

ఏడుంపావుకు ఒకటి రెక్కలు టపటపా కొట్టింది. ఈసారి చాచా "చలో" అనేదాకా నేను కదల్లేదు.

మొదటి పిట్టను మేడం నా చేతికిచ్చారు. చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ మెడ, అరచేతిలో వీపు, మిగతా వేళ్లతో రెక్కలు ఒంటికి అదిమి పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే ఊపిరాడదు, వదులు చేస్తే ఎగిరిపోతుంది. చూడ్డానికి అంత పెద్దగా ఉన్న పిట్ట చేతిలోకొస్తే బరువే లేదు, అర కిలో కన్నా కాస్త ఎక్కువ. ఈకల కింద ఒళ్లు వేడిగా ఉంది. గుండె కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తోంది, లెక్కపెట్టలేనంత వేగంగా. కన్ను పాలిపోయిన పసుపు, చుట్టూ సన్నటి ఎర్రటి అంచు. ఆ కన్ను నన్నే చూస్తోంది. ముక్కు వంచి నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు, రక్తం వచ్చింది. తర్వాత తిన్న చేపంతా నా చొక్కా మీద కక్కేసింది.

కుడికాలికి లోహపు రింగు. ప్లయర్‌తో రెండు అంచులూ కలిసేదాకా నొక్కి, మేడం గోరు పెట్టి చూశారు. సందు ఉంటే గాలపు దారం ఇరుక్కుంటుంది, అప్పుడు మనం వేసిన రింగే దానికి ఉరి అవుతుంది. రింగు కాలి మీద పైకీ కిందికీ జారాలి, గుండ్రంగా తిరగాలి. ఎడమకాలికి నీలం రింగు, దాని మీద వై, హెచ్. తర్వాత రెక్క పొడవు, తల నుంచి ముక్కు చివరిదాకా కొలత, గుడ్డ సంచిలో వేసి స్ప్రింగు త్రాసుతో బరువు. తోక చివర నల్ల పట్టీ లేదు కాబట్టి పెద్ద పిట్ట. పది నిమిషాల్లో అంతా అయింది. నీళ్ల వైపు తిరిగి చేతులు తెరిచాను. ఎగరలేదు. ఒక క్షణం అరచేతిలోనే నిలబడి, తర్వాత లేచింది.

తొమ్మిదింటికల్లా ఇంకో మూడు పడ్డాయి. ఐ వదిలేసి జె, కె, ఎల్. ఐదోది పడేసరికి ఎండ చురుక్కుమంటోంది. అది నోరు తెరిచి రొప్పుతోంది. మేడం ఒక్కసారి చూసి, కొలతలు వద్దు, రింగు వద్దు, వదిలేయండి అన్నారు. ఆ రోజు మేం చేసిన అన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే. కుర్రాడు పుస్తకంలో నాలుగు గడులు నింపి, ఐదో గడిలో "రింగు లేకుండా విడుదల" అని రాశాడు. ఉచ్చులన్నీ పీకేశాం.

పిట్టలకు రింగులు వేస్తున్నంతసేపూ ఆ పెద్దావిడ పక్కనే ఉండి చూసింది. ఆమెకు తెలుగు అక్షరాలే రావు, ఇంగ్లీషు ఇంకెక్కడిది. కానీ ఒక్కో రింగు మీది గుర్తుకు ఒక్కో పేరు పెట్టింది. వై పంగలకర్ర. హెచ్ నిచ్చెన. జె గాలం. కె కాలెత్తి తన్నేవాడు. ఎల్ పార. "పంగలకర్ర అన్నిటికీ ఉంది, రెండోదే యేరు" అని తనే తేల్చుకుంది.

ఐదో రోజు: తిరుగు ప్రయాణం

ఆరుకల్లా సామాను జీపులోకి ఎక్కిస్తున్నాం. ఆమె గుడిసె దగ్గర నుంచి చేయి ఊపుతూ వచ్చింది. "మాస్టారూ, గాలం పిట్ట ఒచ్చింది. తెప్ప మీద కూకుంది."

నాకు నమ్మకం కుదరలేదు. పట్టుకున్న చోటికి మర్నాడే వస్తుందా అనుకున్నాను. టెలిస్కోపు మళ్లీ దించి, కాళ్లు బిగించి చూశాను. ఒడ్డుకు ఎనభై గజాల్లో థర్మోకోల్ తెప్ప. దాని మీద ఆరు సీగల్స్, అన్నీ గాలికి ఎదురు తిరిగి ఉన్నాయి. మూడోది ఒంటికాలి మీద నిలబడింది. రంగు రింగున్న కాలు పొట్ట ఈకల్లో దాచుకుంది. ఎదురుచూశాం. పొద్దెక్కక ముందే కాబట్టి గాలి నిలకడగా ఉంది, అద్దంలో అంతా స్పష్టంగా కనబడుతోంది. నాలుగైదు నిమిషాలకు ఆ కాలు దించింది. నీలం రింగు, పైన వై, కింద జె. ఎడమ కాలు.

టెలిస్కోపు ఆమెకు ఇచ్చాను. ఒక కన్ను మూసి చూడ్డం ఆమెకు కుదరక, కొంగు ఒక కంటికి అడ్డం పెట్టుకుని చూసింది. "అదే" అంది. మరి ఇంత దూరం నుంచి ఒట్టి కంటితో ఎలా చూశావమ్మా అంటే, అప్పుడు తెప్ప తన దగ్గరే ఉందని, పేగులు వేస్తే కాళ్ల దాకా వచ్చిందని చెప్పింది.

మేడం పుస్తకం తెరిచారు. రింగు వేశాక ఇది మొదటి నమోదు. తేదీ, వేళ, చోటు, ఏ కాలు, ఏ రంగు, ఏ అక్షరాలు, ఎంత దూరం నుంచి చూశారు. చివరి గడి చూసినవారి పేరు, ఊరు. కుర్రాడు నా పేరు రాయబోతే ఆపాను. మొదట చూసింది ఆమె. పేరు అడిగి, ఇంటిపేరుతో సహా రాశాడు. తర్వాత ఊరడిగాడు.

ఆమె కాసేపు ఆగింది. చేతులు పమిటకు తుడుచుకుంది. "ఇక్కడిదా బాబూ, అక్కడిదా?" అంది.

రెండూ రాయమన్నారు మేడం. గడి చిన్నది, అయినా కుర్రాడు పట్టించి రెండూ రాశాడు.